ఐదో రంగు

"ఖాళీగానే ఉన్నావుగా అమ్మాయ్, ఈ నాలుగు కాయలకీ గింజలు తీసిపెట్టు" అంటూ మా అత్తగారు చింతపండు చాట తెచ్చి నా ల్యాప్‌టాప్ పక్కన పెట్టారు. నాలుగు కాయలంటే నిజంగా నాలుగని కాదు. పెనుగంచిప్రోలులో మా మిరప చేని గట్టున ఉన్న చింతచెట్టు ఈ ఏడు కాసినదంతా ఆ చాటలోనూ, వెనక వరండాలో ఉన్న బస్తాలోనూ ఉంది.

ఆ సమయంలో నేను మూడు వందల పద్దెనిమిది మంది చావుల్ని వరసలో పెడుతున్నాను. ఆ మాట అంటే పెద్దావిడ బెదిరిపోతారని "సరే అత్తయ్యా" అన్నాను. ఎడమచేత్తో గింజ తీయడం, కుడిచేత్తో మౌస్ కదపడం. వారానికి మూడు రోజులు నందిగామ నుంచి బస్సులో విజయవాడ ఆఫీసుకి వెళ్తాను, రెండు రోజులు ఇంటి నుంచే పని. ఇంటి నుంచి పని అంటే మా ఇంట్లో అర్థం, ఇంట్లో ఉంది కాబట్టి పని చెప్పొచ్చని.

నేను పత్రికలో డేటా జర్నలిస్టుని. అదేమిటో తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలన్న తొందర కూడా ఎవరికీ లేదు. మా ఆయన వీరేంద్ర తన స్నేహితులకి "మా మిసెస్ కంప్యూటర్లో ఏదో చేస్తది" అని చెప్తారు. ప్రభుత్వ కాగితాలు తెచ్చి, పట్టికలుగా మార్చి, వాటిలో దాక్కున్న వార్తని బయటికి లాగడం నా పని. ఆ వార్త రాసిన రిపోర్టరు పేరు పైన పడుతుంది. నేను గీసిన బొమ్మ కింద 'గ్రాఫిక్: డెస్క్' అని పడుతుంది. అందుకే మా అత్తగారు రత్తమ్మగారు అప్పుడప్పుడూ "పేపర్లో ఉద్యోగం అంటావు, నీ పేరు ఒక్కరోజన్నా కనపడదేంటే" అంటారు. ఆవిడ అన్న వంద మాటల్లో తొంభై తొమ్మిదీ దులిపేసుకుంటాను. ఇదొక్కటీ మాత్రం గుచ్చుకుంటుంది, ఎందుకంటే నిజం.

ఆ శుక్రవారం పని ఆదివారం పేజీకోసం. జగ్గయ్యపేట నుంచి కీసర దాకా హైవే మీదా, పక్క రోడ్ల మీదా మూడేళ్ళలో ప్రమాదాల్లో పోయినవాళ్ళ వివరాలు. సమాచార హక్కు కింద అర్జీలు పెట్టి, ఎనిమిది నెలలు తిరిగి తెచ్చుకున్న ఎఫ్ఐఆర్ కాగితాలు. ఒక్కో కాగితం చూసి ఒక్కో వరస టైపు చేశాను. తేదీ, టైము, చోటు, బండి, వయసు, ఆడా మగా, వృత్తి. పేర్ల గడి చివర్లో తీసేశాను. పేజీలో పేర్లు వెయ్యకపోవడం మా పద్ధతి.

వృత్తి గడిలో మగవాళ్ళకి రైతు, లారీ డ్రైవరు, తాపీ మేస్త్రి, సిమెంటు ఫ్యాక్టరీ హెల్పరు అని రకరకాలుగా ఉంది. ఆడవాళ్ళు ఎనభై నాలుగు మంది. వాళ్ళలో యాభై ఏడు మందికి గృహిణి అనో, హౌస్ వైఫ్ అనో, ఇంటిపని అనో ఉంది. బొమ్మలో ఐదు రంగులకి మించి వాడకూడదు, వాడితే చదివేవాళ్ళకి గజిబిజి. రైతులకి ఆకుపచ్చ, కూలీలకి ఎరుపు, ఉద్యోగులకీ డ్రైవర్లకీ నీలం, విద్యార్థులకి పసుపు. నాలుగయ్యాయి. రిటైరైన పెద్దవాళ్ళనీ, ఏమీ రాయని ఖాళీ గళ్ళనీ, ఈ యాభై ఏడు మందినీ కలిపి ఐదో రంగులో పోశాను. బూడిద రంగు. దానికో పేరు పెట్టాలి కదా. 'పనిలేనివారు' అని పెట్టాను. ఒక చేత్తో చింతగింజలు తీస్తూ, రెండో చేత్తో ఆ మాట టైపు చేసింది నేనే. ఎవరూ చెప్పి చేయించలేదు. లోపల కుక్కర్ మూడో కూత వేసింది, లేచి వెళ్ళి కట్టేశాను.

ఆదివారం పేజీ బాగా వచ్చింది. మా ఆయన పెసరట్టు తింటూ చూసి "బొమ్మ బానే ఉంది. అల్లప్పచ్చట్లో ఉప్పు తగ్గింది" అన్నారు. ఉప్పు డబ్బా అందిస్తుంటే ఫోన్ మోగింది.

"ఆమని గారేనాండీ? నేను మహిమనండి. కృపావతి కూతుర్ని."

కృపావతి మా చేలోకి ఏటా మిరప కోతల ముఠాని తెచ్చేది. కీసర నుంచి తనతో కలిపి పదిమంది ఆడవాళ్ళు, ఒక ఆటో. కోత మొదలుపెట్టే ముందు చేనంతా ఒకసారి నడిచి, ఎంతమందికి ఎన్ని రోజుల పనో నోటితో చెప్పేది. ఆ మాట ఎప్పుడూ ఒక్కరోజు కూడా అటూ ఇటూ కాలేదు. పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఓ తెల్లవారుజామున ఆ ఆటోని వెనక నుంచి లారీ గుద్దింది. కృపావతి అక్కడికక్కడే పోయింది.

"పేపర్లో కింద చిన్న అక్షరాల్లో కీసర ఆటో యాక్సిడెంట్ అని వేశారు కదండి. మృతి, పనిలేని మహిళ, నలభై రెండేళ్ళు అని. అది మా అమ్మేనండి" అంది మహిమ.

ఉప్పు డబ్బా ఆయన ముందు పెట్టి, ఫోన్‌తో వంటింట్లోకి నడిచాను.

"మీరు ఆ పేపర్లోనే చేస్తారని అమ్మ చెప్పేది. అందుకే మీకు చేసా. మా అమ్మ పదకొండో ఏట నుంచి కోతలకెళ్ళిందండి. ఆ రోజు మీ చేలోకే వస్తా పోయింది. పనిలేనిదని ఎట్టా రాశారండి?"

గొంతు పెంచలేదు ఆ పిల్ల. తిట్టినా బాగుండేది. "చూసి చెప్తానమ్మా" అన్నాను, కౌంటర్లో కూర్చున్న గుమాస్తాలాగా. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇక్కడ దాచడానికేం లేదు, చెప్పేస్తాను. కృపావతి ఎట్లా పోయిందో నాకు తెలుసు. ఆ రోజు మా పాపకి జ్వరం, నేను ఆస్పత్రిలో ఉన్నాను, మా ఆయనే పరుగెత్తారు. వారం తర్వాత వాళ్ళింటికి వెళ్ళి మహిమ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను కూడా. ఏడాది తిరగగానే అదే చావుని నా చేత్తో నేనే టైపు చేశాను, గుర్తుపట్టలేదు. పేర్లు చదవకుండా గళ్ళు నింపడం అలవాటైతే అంతే, వంద వరసలు దాటాక మనుషులు కనపడరు. అదొక నేర్పు అనుకునేదాన్ని.

అసలు కాగితం తీసి చూశాను. పేరు కృపావతి. వృత్తి: హౌస్ వైఫ్. సమాచారం ఇచ్చినవారు: వీరేంద్ర, నందిగామ. కింద ఫోన్ నంబరు. నాకు నోటికి వచ్చిన నంబర్లు రెండే. ఒకటి మా అమ్మది, రెండోది అది.

ఆయన చెడ్డవాడు కాదు. ఆ పొద్దున గాయపడ్డవాళ్ళని తన కార్లోనే ఆస్పత్రికి చేర్చిందీ, సాయంత్రం దాకా స్టేషన్ దగ్గర నిలబడి శవాన్ని ఇంటికి పంపిందీ ఆయనే. అప్పటికప్పుడు హాల్లోకి వెళ్ళి అడిగితే అది మొగుడూ పెళ్ళాల గొడవ అయిపోతుంది. అందుకని ముందు మిగతా యాభై ఆరు మంది సంగతి చూద్దామనుకున్నాను. ప్రతి ఎఫ్ఐఆర్ మీదా ఎవరో ఒకరి నంబరు ఉంటుంది. అన్నిటికీ ఫోన్ చేసి ఒక్కటే ప్రశ్న అడగాలి.

సోమవారం ఆఫీసులో డెస్క్ ఇన్‌చార్జి భవానీప్రసాద్ గారికి చెప్పాను. తొమ్మిదేళ్ళ కింద, పెళ్ళై పిల్ల ఉన్నదాన్నని అందరూ వంకలు పెడుతుంటే ఉద్యోగం ఇచ్చింది ఆయనే. ఆ కృతజ్ఞత నాకుంది. ఆయన నాలుగు గిన్నెల క్యారియర్ విప్పుతూ విన్నారు.

"డేటా అంటే కాగితంలో ఉన్నదే కదమ్మా. వాళ్ళు రాసింది మనం వేసాం. తప్పు మనదెట్టా అవుద్ది?"

"కాగితంలో గృహిణి అని ఉంది సార్. పనిలేనివారు అని లేదు. ఆ మాట నేను పెట్టా."

"రెండూ ఒకటేగా" అన్నారు. పై గిన్నెలో దొండకాయ వేపుడు, దాని కింద పప్పు, దాని కింద అన్నం, అడుగున చల్ల మిరపకాయలు. వాళ్ళావిడ ఎన్నింటికి లేచి ఉంటుందో మనసులోనే లెక్క వేసుకుని, నా సీట్లోకి వచ్చి కూర్చున్నాను.

పది రోజులు ఫోన్లు చేశాను. బస్సులో చేశాను, మేడ మీద బట్టలు ఆరేస్తూ చేశాను. "ఆ రోజు ఆమె ఎక్కడికి వెళ్తున్నారండి?" అంతే ప్రశ్న. జగ్గయ్యపేట అవతల ఒకాయన "ఏడికి పోతది మేడమ్, ఇంట్లనే ఉండేది" అన్నాడు. కాసేపాగి, "ఆ రోజంటే, పత్తి తీయనీకి పోయింది" అన్నాడు. ఆ 'ఆ రోజు' మూడు నెలల పాటు ప్రతిరోజూ అని తర్వాత తేలింది. ముక్త్యాలలో ఒక ముసలావిడ, పోయిన కోడలి గురించి, "పనేం చేయదమ్మా. నాలుగింటికి లేచి పిండి రుబ్బి, ఫ్యాక్టరీ లారీలు ఆగేకాడ ఇడ్లీ బండి పెట్టేది. మధ్యాన్నం నుంచి ఖాళీయే" అంది. ఇంకొకాయన "మాది హౌస్ వైఫేనండి" అని గట్టిగా చెప్పాడు. ఆమె పోయింది పాల కేంద్రంలో మూడు గేదెల పాలు పోసి తిరిగి వస్తూ. వీళ్ళెవరూ అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే వాళ్ళకి అది పనిలా కనపడలేదు. ఇంతకీ నేను మాత్రం ఏం తక్కువ తిన్నానని.

జూన్‌లో మా పాపని కొత్త స్కూల్లో వేసినప్పుడు ఫారం మా ఆయన నింపారు. తల్లి వృత్తి దగ్గర గృహిణి అని రాశారు. "ఇదేంటండీ" అంటే "అలవాట్లో రాసేశా, ఎవరు చూస్తారులే" అన్నారు. నేనూ సంతకం పెట్టేశాను. ఆ రోజు వచ్చిన కోపం ఏమైపోయిందో, ఆ పది రోజుల్లో ఫోన్ చేసిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది.

యాభై ఆరు నంబర్లలో తొమ్మిది పలకలేదు. మిగిలిన నలభై ఏడు మందిలో నలభై మంది పనికి వెళ్తూనో, పని నుంచి వస్తూనో పోయారు. మిగతావాళ్ళు ఆస్పత్రికో, చర్చికో, పెళ్ళికో వెళ్తున్నారు. ఇంక ఒక్క నంబరు మిగిలింది. బుధవారం మధ్యాహ్నం ఆఫీసు మెట్ల మీద నిలబడి దానికి చేశాను. మా ఆయన నందిగామలో పురుగుమందుల కొట్టు నడుపుతారు, ఆ వేళకి అక్కడే ఉంటారు.

"చెప్పు ఆమనీ. ఏమన్నా తేవాలా?"

"ఏం వద్దండీ. పత్రిక నుంచి మాట్లాడుతున్నా. పోయిన ఏడాది కీసర ఆటో ప్రమాదం గురించి సమాచారం ఇచ్చింది మీరేనా?"

"ఏంటిది కొత్తగా? కొట్లో జనం ఉన్నారు, ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం."

"మిగతా యాభై ఆరు మందికీ ఫోన్లోనే చేసానండీ."

అవతల ఎవరితోనో "రెండు నిమిషాలాగు బాబాయ్" అనడం వినపడింది. తర్వాత రోడ్డు చప్పుడు. కొట్టు బయటికి వచ్చారు.

"ఆ రోజు ఆమె ఎక్కడికి వెళ్తున్నారు?"

"నీకు తెలీదా?"

"మీరు చెప్పాలి."

"మన చేలోకి. కోతకి."

"కాగితంలో హౌస్ వైఫ్ అని ఉంది."

"స్టేషన్ రైటరు అడిగాడు, ఏం చేస్తదని. నోటికొచ్చింది చెప్పా. ఆడవాళ్ళకి అట్టాగే చెప్తాంగా" అన్నారు. మళ్ళీ ఆయనే, "అదొక్కటే కాదులే. కోతకి అంటే ఎవరి చేలోకి అంటాడు కదా అని కూడా అనిపించింది. అబద్ధమెందుకు, అనిపించింది" అన్నారు.

నాకు కోపం రావాల్సిన చోట జాలేసింది. ఆ జాలితోనే చాలా ఏళ్ళు గడిపేశానని గుర్తొచ్చి, పెన్ను గట్టిగా పట్టుకున్నాను.

"ఇప్పుడు వృత్తి ఏమని రాసుకోమంటారు?"

"మిరప కోత ముఠా మేస్త్రి" అన్నారు. ఆ తర్వాత నెమ్మదిగా, "మన చేను పేపర్లో వస్తదా?" అన్నారు.

"వస్తదండీ."

"అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకో" అని పెట్టేశారు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా అత్తగారు వెనక వరండాలో చింతపండుకి ఉప్పు కలిపి జాడీలోకి అదుముతున్నారు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, మహిమ ఫోన్ దగ్గర నుంచి మొత్తం చెప్పాను. ఆవిడ చెయ్యి ఆపలేదు.

"మన పేరు పేపరుకెక్కితే రేపు మన చేలో అడుగుపెట్టేదెవరే? ఊళ్ళో తలెత్తుకుని తిరిగేదెట్టా?"

"మీ కష్టం నాకు తెలుసు అత్తయ్యా. కానీ వేసేటప్పుడు అందరిదీ వేసి మనదొక్కటీ దాచలేను."

మామయ్యగారు పోయిన పదిహేనేళ్ళుగా ఆ చేను చేస్తున్నది ఈవిడే. నారు పోయించడం, మందు కొట్టించడం, కల్లంలో కాయ ఆరబెట్టించడం, అన్నీ. ఈవిడ రేషన్ కార్డు మీద కూడా గృహిణి అనే ఉంటుంది. ఆ మాట పైకి అనబోయి ఊరుకున్నాను, ఎందుకంటే ఆవిడ కళ్ళు తుడుచుకుంటున్నారు. ఉప్పు చేతులు కావడంతో ముంజేతితో తుడుచుకుంటున్నారు.

"ముందురోజు సాయంత్రం మబ్బేసింది" అన్నారు. "చేలో కాయ తడిసిపోద్దని నాకు భయం. కృపావతికి ఫోన్ చేసి, రేపటికి కోత అయిపోవాలి, ఇంకొంతమందిని ఎక్కించుకు రమ్మన్నా. 'వద్దమ్మగారూ, ఆటో ఒరిగిపోద్ది' అంది. ఒక్కరోజుకేం కాదులే అన్నా. అది నా మాట ఎప్పుడూ తీసెయ్యలా."

"ఎవరికీ చెప్పలేదా అత్తయ్యా?"

"ఎవరూ అడగలా."

ఏడాదికి పైగా ఈ మనిషి ఆ మాటని పొట్టలో పెట్టుకుని నాకు చింతపండు చాటలు అందిస్తూ తిరిగింది. నేను ఒకే ఇంట్లో ఉండి, ఊళ్ళో అందరి కాగితాలూ తిరగేసి, ఈవిడని ఒక్క మాట అడగలేదు. నోట్‌బుక్ తీశాను.

"ఇదీ రాస్తావా?"

"రాస్తా అత్తయ్యా."

ఆవిడ వద్దనలేదు. జాడీకి గుడ్డ కట్టి, నా వైపు వంగి "ఏం రాసావు?" అని అడిగారు.

"చేను గలవాళ్ళు ఇంకో నలుగుర్ని ఎక్కించుకోమన్నారు అని. ఆటోలో డ్రైవరు కాక పద్నాలుగు మంది ఉన్నారని కాగితంలో ఉంది కదా."

"నేను రమ్మంది ఐదుగుర్ని. ఒకత్తికి జొరమొచ్చి రాలేదు. రాసేదేదో సరిగ్గా రాయి" అని లేచి, పంపు దగ్గర చేతులు కడుక్కున్నారు.

మర్నాడు భవానీప్రసాద్ గారు నా వార్త మొత్తం చదివారు. రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి, "ఆదివారం మొదటి పేజీ. పైన నీ పేరు" అన్నారు. తొమ్మిదేళ్ళుగా ఆ మాట కోసం ఎట్లా ఎదురుచూశానో నాకు తెలుసు. "రెండే మార్పులు" అన్నారు తర్వాత. "మొదటి పేరా తీసెయ్. మనం తప్పు చేసామని మనమే డప్పు కొట్టుకోవడం ఎందుకు? మీ చేను సంగతి కూడా తీసెయ్. ఇంటి విషయం పేపరుకెందుకమ్మా, రేపు నీకే ఇబ్బంది."

మంచి మనసుతోనే అన్నారు, నా గురించే ఆలోచించి అన్నారు. ఆ రెండూ తీసేసినా వార్త వార్తే. నలభై మంది ఎర్ర రంగులోకి వస్తారు, నా పేరు పైన ఉంటుంది, మా అత్తగారు ఆ పేరు వేలు పెట్టి చదువుకుంటారు. మా చేనుతో పాటు కృపావతి పనీ పోతుంది, ఆమె ఒక్కతే మళ్ళీ బూడిద రంగులో మిగిలిపోతుంది. ఆమెకి ఫోన్ చేసి సర్దిచెప్పుకునే వీలు కూడా లేదు.

"ఆ రెండూ తీసేస్తే నా పేరు కూడా తీసెయ్యండి సార్."

"తొమ్మిదేళ్ళకి మొదటిసారి నీ పేరు పడేది, తప్పొప్పుకోలు కిందా?"

"అవును సార్. అది నా పనే కదా."

ఆయన కాసేపు నన్నూ, కాసేపు కాగితాన్నీ చూశారు. "సరే, టైపు చెయ్యి" అని కుర్చీ జరుపుకున్నారు. కూర్చుని మొదటి పేరా మళ్ళీ కొట్టాను. పేరు పక్కన వృత్తి కూడా నేనే రాసుకున్నాను, ఇంకెవరో నింపేదాకా ఆగకుండా.

"ఈ నెలలో మా ఆదివారం పేజీలో వేసిన బొమ్మలో యాభై ఏడు మంది ఆడవాళ్ళని పనిలేనివారిగా చూపించాం. వాళ్ళలో కనీసం నలభై ఒక్కరు పనికి వెళ్తూనో, పని నుంచి వస్తూనో చనిపోయారు. కీసర దగ్గర చనిపోయిన కృపావతి మిరప కోత ముఠా మేస్త్రి. ఆటోలో ఇంకో ఐదుగుర్ని ఎక్కించుకోమంటే వద్దని చెప్పారు. చేను గలవాళ్ళు వినలేదు. ఆ చేను మాది. ఆమెకి పనిలేదని రాసింది నేను. – ఆమని, డేటా జర్నలిస్టు."